పోలీస్ ఈవెంట్స్‌కి పదహారు వారాల ప్రిపరేషన్: గ్రౌండ్‌లో మొదటిరోజు నుంచి డ్యూటీ ఎక్కేదాకా

ప్రిలిమ్స్ రిజల్ట్ వచ్చిన సాయంత్రమే బూట్లు కొనుక్కొచ్చి, తెల్లారి గ్రౌండ్‌కి పోయి నాలుగు రౌండ్లు ప్రాణం పెట్టి కొట్టి, పది రోజులు తిరక్కుండానే కాలు కుంటుకుంటూ ఇంట్లో కూర్చునే పిల్లలు ప్రతి నోటిఫికేషన్‌కీ మా ఊళ్లో ఇద్దరు ముగ్గురు ఉంటారు. 2019లో నాదీ అదే కథ. అప్పుడు తెలంగాణలో మగవాళ్లకి 800 మీటర్లు 170 సెకన్లలో కొట్టాలి, నేను నలభై రోజుల ముందు మొదలుపెట్టి రోజూ ఫుల్ స్పీడ్‌లో ఉరికాను, మూడోవారానికి మోకాలి కింద ముందు ఎముక లోపలి పక్కన నొప్పి మొదలైంది, పెయిన్ కిల్లర్ వేస్కొని ఉరికాను, ఈవెంట్ (పరుగు, జంప్, షాట్‌పుట్ పరీక్ష) రోజు సగం రౌండ్‌లోనే కాలు మొరాయించింది. నా దగ్గర దమ్ము లేక కాదు పోయింది, తొందరపడి పోయింది. మళ్లీ 2022 నోటిఫికేషన్‌దాకా ఆగాల్సొచ్చింది, ఆ సారి నాలుగు నెలల ముందు మొదలుపెట్టి మెల్లగా ఉరికి క్వాలిఫై అయ్యాను. ఇప్పుడు సర్వీస్‌లో ఉన్నాను, లీవ్‌లో ఊరికి పోయినప్పుడు మా కాలేజీ గ్రౌండ్‌లో పిల్లలకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

ఒక్క సంగతి ముందే చూడండి. 2022లో తెలంగాణ కానిస్టేబుల్ ప్రిలిమ్స్ ఆగస్టులో అయింది, రిజల్ట్ అక్టోబర్‌లో వచ్చింది, ఈవెంట్స్ డిసెంబర్‌లో మొదలైనయ్. రిజల్ట్ చూసి మొదలుపెట్టినోడికి ఏడు వారాలు, పరీక్ష రాసిన మర్నాడు మొదలుపెట్టినోడికి మూడు నెలల పైన. నోటిఫికేషన్ రోజే మొదలుపెట్టినోడి సంగతి చెప్పక్కర్లేదు. అందుకే చదువు ఒక పక్క, గ్రౌండ్ ఒక పక్క, రెండూ ఒకే రోజు మొదలవ్వాలి.

ముందు ఏం కొట్టాలో తెలుసుకోండి

తెలంగాణ 2022 నోటిఫికేషన్ లెక్క ఇది: మగవాళ్లకి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, లాంగ్ జంప్ 4 మీటర్లు, 7.26 కిలోల షాట్‌పుట్ 6 మీటర్లు. ఆడవాళ్లకి 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో, లాంగ్ జంప్ రెండున్నర మీటర్లు, 4 కిలోల షాట్‌పుట్ 4 మీటర్లు. పరుగు అయితేనే మిగతావి, అక్కడ పోతే ఇంటికే.

ఆంధ్రప్రదేశ్‌లో లెక్క వేరు, అక్కడ 1600 మీటర్లు మగవాళ్లకి 8 నిమిషాలు, ఆడవాళ్లకి 10 నిమిషాల 30 సెకన్లు, దాంతోపాటు 100 మీటర్లు (మగవాళ్లకి 15 సెకన్లు, ఆడవాళ్లకి 18), లాంగ్ జంప్ (3.80 మీటర్లు, 2.75 మీటర్లు). సివిల్ కానిస్టేబుల్‌కి 1600తో పాటు ఈ రెండిట్లో ఒకటి కొడితే చాలు, ఏపీఎస్పీ (ఆంధ్రప్రదేశ్ స్పెషల్ పోలీస్)కి అయితే ఈవెంట్స్‌లో మార్కులు కూడా లెక్కేస్తారు కాబట్టి ఊరికే క్వాలిఫై అయితే సరిపోదు. సెంట్రల్ వైపు ఎస్ఎస్‌సీ జీడీ (కేంద్ర బలగాల కానిస్టేబుల్ పరీక్ష) రాసేవాళ్లకి మగవాళ్లకి 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో, ఆడవాళ్లకి 1.6 కిలోమీటర్లు ఎనిమిదిన్నర నిమిషాల్లో. నోటిఫికేషన్ నోటిఫికేషన్‌కి ఇవి మారుతుంటయ్ (2019లో తెలంగాణలో మగవాళ్లకి ఐదు ఈవెంట్స్ ఉండేవి, 2022లో మూడు చేశారు), అందుకని మీ నోటిఫికేషన్ పీడీఎఫ్ ప్రింట్ తీస్కొని గోడకి అంటించుకోండి, యూట్యూబ్‌లో ఎవడో చెప్పింది నమ్మి ప్రాక్టీస్ చెయ్యొద్దు.

ఎత్తు మగవాళ్లకి 167.6 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 152.5, రెండు రాష్ట్రాల్లోనూ జనరల్‌గా ఇదే, ఎస్టీ అభ్యర్థులకి సడలింపు ఉంటది. ఏపీలో ఆడవాళ్లకి బరువు 40 కిలోలకి తగ్గకూడదు. ఎత్తు విషయంలో ఒక్క మాట, ఇరవై ఏళ్లు దాటినాక ఏ పౌడర్ తాగినా ఏ మాత్ర మింగినా ఎముక పెరగదు, ఆ డబ్బులు గుడ్లకి పెట్టండి. పొద్దున లేచినప్పుడు మనిషి సాయంత్రం కన్నా సుమారు ఒక సెంటీమీటర్ ఎక్కువ ఉంటాడు, అంతే తేడా. అంచు మీద ఉన్నవాళ్లు కొలత ముందు రాత్రి బాగా పడుకొని, బస్సుల్లో నిలబడి ప్రయాణం చెయ్యకుండా పోవడం ఒక్కటే చెయ్యగలిగింది.

బూట్లు కట్టక ముందు డాక్టర్ దగ్గరికి

ఇది ఎవరూ చెయ్యరు, నేను మాత్రం మా పిల్లలతో మొదట ఇదే చేయిస్తా. 2024లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ సెలక్షన్స్‌లో గంటలో 10 కిలోమీటర్లు పెట్టారు, ఆగస్టు ఉక్కపోతలో ఉరుకుతూ పదిమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఉద్యోగం కోసం పోయి ప్రాణం పోవడం ఏ ఇంట్లోనూ జరగకూడదు.

బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ చూపించుకోండి, ప్రైమరీ హెల్త్ సెంటర్‌లో అయిపోతది. హిమోగ్లోబిన్ ఆడవాళ్లకి 12, మగవాళ్లకి 13 కన్నా తక్కువ ఉంటే రక్తహీనత కింద లెక్క, అలాంటప్పుడు ఎంత ప్రాక్టీస్ చేసినా టైమింగ్ తగ్గదు, మన చెల్లెళ్లు చాలామంది "నాకు దమ్ము లేదు" అనుకునేది నిజానికి ఐరన్ లేకపోవడమే. ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో గుండెతో సడన్‌గా పోయి ఉన్నా, ఉరికేటప్పుడు మీకు ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా ఈసీజీ, అవసరమైతే ఎకో (గుండె స్కానింగ్) తీయించుకోకుండా గ్రౌండ్‌లో అడుగుపెట్టొద్దు. ఆస్తమా ఉన్నోళ్లు ఇన్‌హేలర్ గురించి డాక్టర్‌ని అడగండి, ఆస్తమాతో ఉరికేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, దాచిపెట్టుకుంటేనే ప్రమాదం.

ఆదిలాబాద్, భద్రాద్రి, పాడేరు వైపు ఏజెన్సీ పిల్లలకి ప్రత్యేకంగా చెప్తున్నా, సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్తకణాల జబ్బు) టెస్ట్ చేయించుకోండి. జబ్బు లేకపోయినా ఆ జీన్ ఒకటి ఉన్నవాళ్లకి ఎండలో, నీళ్లు తాగకుండా, ఒక్కసారిగా గట్టిగా ఉరికితే కుప్పకూలే ప్రమాదం మిగతావాళ్ల కన్నా ఎక్కువ. దానర్థం ఉద్యోగం ఆశ వదులుకోమని కాదు, మెల్లగా పెంచుకుంటూ పోవాలని, నీళ్లు బాగా తాగాలని, బాగాలేదనిపించిన క్షణమే ఆగాలని.

ఇంకోటి, మెడికల్‌లో తీసేసే విషయాలు ఇప్పుడే చూసుకోండి. చూపు 6/6 అడుగుతారు, కలర్ బ్లైండ్‌నెస్, మెల్లకన్ను ఉంటే కుదరదు, మోకాళ్లు రెండూ ఆనుకోవడం, చదును పాదాలు, కాళ్లమీద ఉబ్బిన నరాలు, ఇవన్నీ నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటయ్. రెండేళ్లు కోచింగ్ తీస్కున్నాక చివర్లో కలర్ బ్లైండ్‌నెస్ అని తెలిస్తే ఆ బాధ చూడలేం. చుక్కల పుస్తకం చూపించి కంటి డాక్టర్ ఐదు నిమిషాల్లో చెప్పేస్తడు.

మొదటి నాలుగు వారాలు: మెల్లగా ఉరకడం నేర్చుకోండి

పిల్లలకి ఎక్కువ కష్టం అనిపించేది ఇదే. మెల్లగా ఉరకమంటే వినరు, పక్కనోడు దాటిపోతే తట్టుకోలేరు. కానీ గుండె, ఊపిరితిత్తులు, కాళ్లలో రక్తనాళాలు బలపడేది మెల్లటి పరుగులోనే, ఎముకలకి, కండరాన్ని ఎముకకి అతికించే స్నాయువులకి టైం కావాలి, ఊపిరి నెలలో పెరుగుతది కానీ ఎముక గట్టిపడడానికి మూడు నాలుగు నెలలు పడతది, ఆ తేడాలోనే దెబ్బలన్నీ తగులుతయ్.

మొదటివారం రెండు నిమిషాలు ఉరకండి, రెండు నిమిషాలు నడవండి, ఇట్ల పదిసార్లు. వారానికి నాలుగు రోజులు చాలు. రెండోవారం మూడు నిమిషాలు ఉరుకు, నిమిషంన్నర నడక. అట్ల పెంచుకుంటూ నాలుగోవారం చివరికి ఆగకుండా 25 నిమిషాలు ఉరకగలగాలి. స్పీడ్ ఎంత అంటే పక్కనోడితో మాట్లాడుతూ ఉరకగలిగేంత. పూర్తి వాక్యం మాట్లాడలేకపోతున్నారంటే స్పీడ్ ఎక్కువైనట్టే, తగ్గించండి. ఇప్పుడు వాచ్ చూడొద్దు.

ఎక్కడ ఉరకాలి అంటే మట్టి గ్రౌండ్ మంచిది. తెల్లవారుజామున హైవే పక్కన ఉరికేవాళ్లని చూస్తే నాకు భయమేస్తది, తారు రోడ్డు కాళ్లకి గట్టి, దానికితోడు చీకట్లో లారీలు. రోడ్డు తప్ప వేరే దారి లేకపోతే వెలుతురు వచ్చాకే పోండి, ఎదురుగా వచ్చే బండ్లు కనపడేలా కుడిపక్కన ఉరకండి.

బూట్ల మీద పిసినారితనం వద్దు. స్కూల్‌కి వేసుకునే కాన్వాస్ బూట్లు పరుగుకి పనికిరావు. రన్నింగ్ షూ అని అడిగి, సాయంత్రం పూట (అప్పటికి కాలు కొంచెం ఉబ్బుతది) బొటనవేలి ముందు అర అంగుళం ఖాళీ ఉండేలా చూసి కొనండి. ఆరేడు వందల కిలోమీటర్లు ఉరికాక లోపల మెత్తదనం పోతది, పైకి కొత్తగానే కనపడినా మార్చాల్సిందే.

ఐదో వారం నుంచి తొమ్మిదో వారం

ఇప్పుడు వారానికి ఐదు రోజులు ఉరకొచ్చు, ఒకరోజు మాత్రం ఎక్కువ దూరం, మెల్లగా 6 కిలోమీటర్ల నుంచి మొదలై 9 దాకా. "అన్నా, కొట్టేది 1600 కదా, 9 కిలోమీటర్లు ఎందుకు" అని ప్రతి బ్యాచ్‌లో ఒకడు అడుగుతడు. 1600 మీటర్ల పరుగులో ఎక్కువ భాగం ఆక్సిజన్ మీద నడిచేదే, పునాది దమ్ము లేకుండా స్పీడ్ ప్రాక్టీస్ ఒక్కటే చేస్తే మూడో రౌండ్‌లో కాళ్లు బిగుసుకుపోతయ్. వారం వారానికీ మొత్తం దూరం పదోవంతుకి మించి పెంచకండి, ప్రతి నాలుగోవారం కొంచెం తగ్గించి కాళ్లకి రెస్ట్ ఇవ్వండి. మెల్లటి పరుగు చివర్లో రెండు రోజులు 80 మీటర్లు ఫ్రీగా స్పీడ్‌గా ఆరుసార్లు, మధ్యలో నడుచుకుంటూ వెనక్కి రావడం. అంతకన్నా స్పీడ్ ఇప్పుడే వద్దు.

పరుగు లేని రెండు రోజులు ఒంటికి బలం. జిమ్ అక్కర్లేదు. దండాలు, బస్కీలు, మెట్టు అంచు మీద నిలబడి మడమలు పైకి కిందికి (పిక్కలకి, 15 చొప్పున మూడుసార్లు, అలవాటయ్యాక ఒక్కో కాలితో), వెల్లకిలా పడుకొని నడుము పైకి లేపడం, మోచేతుల మీద ప్లాంక్ నిమిషం, ఎత్తు మెట్టు ఎక్కి దిగడం. పిక్కల ఎక్సర్‌సైజ్ మాత్రం మానకండి, షిన్ పెయిన్ (మోకాలి కింద ముందు ఎముక నొప్పి) రాకుండా నన్ను రెండోసారి కాపాడింది అదేనని నా నమ్మకం.

పదోవారం నుంచి స్పీడ్, వాచ్, రౌండ్ లెక్క

ముందు లెక్క చేసుకోండి. 7 నిమిషాల 15 సెకన్లు అంటే 435 సెకన్లు, నాలుగు రౌండ్లకి (రౌండ్ 400 మీటర్లు) పంచితే రౌండ్‌కి 108 సెకన్లు, కొంచెం పైన. అది అంచు, ప్రాక్టీస్‌లో మీ టార్గెట్ 6:45 ఉండాలి, అంటే రౌండ్‌కి 101 సెకన్లు. ఎందుకంటే ఈవెంట్ రోజు నిద్ర సరిగ్గా ఉండదు, గంటలు గంటలు లైన్లో కూర్చోవాల్సొస్తది, గుంపులో మోచేతులు తగులుతయ్. ఏపీ మగవాళ్లకి రౌండ్‌కి రెండు నిమిషాలు అంచు, ప్రాక్టీస్ 1:50 పెట్టుకోండి. తెలంగాణ ఆడవాళ్లకి రెండు రౌండ్లు, రౌండ్‌కి 2:40 అంచు, 2:25లో కొట్టగలిగితే ధైర్యంగా పోవచ్చు.

ఆరు రోజుల వారం ఇట్ల వేసుకోండి. ఒకరోజు 400 మీటర్లు ఆరుసార్లు, ఒక్కోటి (తెలంగాణ మగవాళ్ల లెక్క) 98 నుంచి 102 సెకన్లలో, మధ్యలో రెండున్నర నిమిషాలు నడక. ఇంకోరోజు (కనీసం రెండు రోజుల తేడాతో) 200 మీటర్లు ఎనిమిదిసార్లు 46, 48 సెకన్లలో, లేదా 800 మీటర్లు మూడుసార్లు. మిగతా రోజులు మెల్లటి పరుగే. వారంలో రెండు రోజులకి మించి స్పీడ్ వద్దే వద్దు. మూడువారాలకోసారి ఫుల్ 1600 టైం పెట్టుకొని కొట్టి చూసుకోండి, రోజూ కొట్టి చూసుకుంటే రోజూ పరీక్ష రాసినట్టే, చదువెప్పుడు?

ట్రాక్ గురించి చాలామందికి తెలియని లెక్క ఒకటుంది. 400 మీటర్లు అనేది లోపలి లైన్‌కే, ఒక్కో లైన్ వెడల్పు 1.22 మీటర్లు, బయటి లైన్‌కి జరిగిన ప్రతిసారీ రౌండ్‌కి ఏడున్నర మీటర్లకి పైనే ఎక్కువ ఉరుకుతారు. మూడో లైన్‌లో నాలుగు రౌండ్లు కొడితే సుమారు 60 మీటర్లు అదనం, మన స్పీడ్‌కి అది 16 సెకన్లు. 7:20కి పోయినోళ్లు ఎంతమందో, ఆ ఐదు సెకన్లు మూలమలుపుల్లోనే పోగొట్టుకొని ఉంటారు. పక్కనోణ్ణి దాటాల్సొస్తే ట్రాక్ తిన్నగా ఉన్న చోట దాటండి, మలుపులో లోపలికి రండి.

మీ ఊరి గ్రౌండ్ కొలిచి చూడండి, టేప్‌తో. స్కూల్ గ్రౌండ్ రౌండ్ 200 అని అందరూ అంటారు, కొలిస్తే 180 వస్తది. ఫోన్‌లో జీపీఎస్ చిన్న రౌండ్లకి సరిగ్గా చూపించదు, దాన్ని నమ్ముకొని మా తమ్ముడొకడు నెలరోజులు 6:30 కొడుతున్నా అనుకున్నాడు, కొలిచి చూస్తే అసలు దూరం 1480.

నొప్పి వస్తే

మోకాలి కింద ముందు ఎముక లోపలి అంచు పొడుగునా నొప్పిగా ఉండి, ఉరికేకొద్దీ కొంచెం తగ్గి, తర్వాత మళ్లీ వస్తే అది షిన్ పెయిన్. దూరం సగానికి తగ్గించండి, పది నిమిషాలు ఐస్ పెట్టండి, సైకిల్ తొక్కండి, పిక్కల ఎక్సర్‌సైజ్ నొప్పి లేనంతవరకు చెయ్యండి. కానీ ఒక వేలితో నొక్కితే ఒకే చోట చురుక్కుమంటుంటే, రాత్రి పడుకున్నా నొప్పి ఉంటే, ఒంటికాలితో గెంతితే తట్టుకోలేకపోతే అది ఎముకలో సన్నటి చీలిక అయ్యుండొచ్చు, పరుగు పూర్తిగా ఆపి ఆర్థోపెడిక్ డాక్టర్‌ని కలవండి, మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు కూడా. నా తప్పు ఇక్కడే జరిగింది, పట్టించుకోకుండా ఉరికాను.

ఈవెంట్ ముందు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయించుకొని దిగే అలవాటు కొన్ని చోట్ల ఉంది. నొప్పి తెలియదు కానీ దెబ్బ పెద్దదవుతది, నీళ్లు తాగకుండా ఎండలో ఉరికితే కిడ్నీల మీద పడతది. స్టెరాయిడ్లు, ఎవడో జిమ్ కోచ్ ఇచ్చే పేరు లేని పౌడర్లు, రెండు మూడు డబ్బాల ఎనర్జీ డ్రింకులు, ఇవి గుండెతో ఆట. దయచేసి ముట్టుకోకండి.

లాంగ్ జంప్, షాట్‌పుట్

ఈ రెండూ బలం కన్నా పద్ధతి. లాంగ్ జంప్‌లో మన పిల్లలు చేసే తప్పు ఎక్కడినుంచి ఉరకాలో లెక్క లేకపోవడం, ఒకసారి పలక (గెంతే ముందు కాలు పెట్టే చెక్క) దాటి ఫౌల్, ఇంకోసారి పలకకి అడుగు ముందే గెంతడం, ఛాన్సులు మూడే. ఏ కాలితో లేస్తారో ముందు తేల్చుకోండి, పలక మీద ఆ కాలు పెట్టి వెనక్కి తిరిగి 15 అడుగులు మామూలుగా ఉరకండి, ఆఖరి అడుగు పడిన చోట గుర్తు పెట్టుకోండి, అక్కడినుంచి పలకవైపు ఉరికి పదిసార్లు చూసుకొని సరిచేసుకోండి, చివరికి ఆ దూరాన్ని మీ పాదాలతో కొలిచి రాసుకోండి, ఈవెంట్ రోజు అదే కొలత. పలక వైపు చూడొద్దు, చూపు ఎదురుగా. చివరి రెండు అడుగుల్లో స్పీడ్ తగ్గకూడదు, పైకి లేచాక మోకాళ్లు ఛాతీవైపు, దిగేటప్పుడు కాళ్లు ముందుకి చాపి చేతులు ముందుకి విసరాలి. వెనక్కి పడి చెయ్యి ఆనించారా, కొలత ఆ చెయ్యి పడిన చోటికే. ఇసుక గట్టిగా ఉంటే పారతో తవ్వి గుల్లచేశాకే దూకండి, చీలమండ బెణికితే మూడు వారాలు పోయినట్టే. వారానికి రెండు రోజులు, రోజుకి పది జంప్‌లు చాలు.

షాట్‌పుట్ గుండుని క్రికెట్ బాల్ లాగా విసిరితే మోచెయ్యి పోతది. అరచేతిలో కాకుండా వేళ్ల మొదళ్ల మీద పెట్టుకోవాలి, గుండు మెడకి ఆనించి, మోచెయ్యి పైకి. బలం కాళ్లలోంచి వస్తది, మోకాళ్లు వంచి, నడుము తిప్పి, చివర్లో చెయ్యి నెట్టాలి, నలభై డిగ్రీల దాకా పైకి. మొదట నాలుగైదు కిలోలతో పద్ధతి రానివ్వండి, తర్వాత 7.26. వేశాక తూలి సర్కిల్ ముందు అంచు దాటితే ఫౌల్, ఎంత దూరం పడినా లాభం లేదు, నిలదొక్కుకొని వెనక సగంలోంచి బయటికి రావాలి. ఈ బయటికి రావడం కూడా ప్రాక్టీస్ చెయ్యాల్సిందే, అలవాటు లేక పోయినవాళ్లని కళ్లారా చూశాను.

తిండి, నీళ్లు, నిద్ర

ఖరీదైన ప్రోటీన్ డబ్బా అక్కర్లేదు. 65 కిలోల మనిషికి ప్రాక్టీస్ రోజుల్లో 80 నుంచి 100 గ్రాముల ప్రోటీన్ కావాలి. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలల్లో 8, గుప్పెడు పల్లీల్లో 7, గిన్నెడు గట్టి పప్పులో అంతే, వంద గ్రాముల ఉడికిన చికెన్‌లో 27 దాకా. హాస్టల్‌లో ఉన్నోళ్లు మెస్ అన్నం మీద ఆధారపడతారు, అక్కడ పప్పు నీళ్లలా ఉంటది, అందుకని సొంతంగా మూడు గుడ్లు, నానబెట్టిన శనగలు, పల్లీలు, పెరుగు పెట్టుకోండి. గుడ్డు తిననివాళ్లు సోయా, పనీర్, పెసర్లు. పరుగుకి అరగంట ముందు ఒక అరటిపండు లేదా రెండు ఖర్జూరాలు, అయ్యాక రాగి జావ, గుడ్లు. ఒళ్లు తగ్గాలని అన్నం మానేసి ఉరికేవాళ్లకి రెండోవారంలోనే నీరసం వస్తది, అన్నం తినండి, నూనెలో వేయించినవి, కూల్ డ్రింకులు మానండి.

ఐరన్ కోసం తోటకూర, మునగాకు, నువ్వులు, లివర్ తింటే తినండి, పైన నిమ్మకాయ పిండుకుంటే ఒంటికి బాగా పడతది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఐరన్ పోయినట్టే, గంట ఆగండి. నెలసరిలో ఎక్కువ రక్తం పోయే చెల్లెళ్లు తప్పకుండా డాక్టర్‌ని కలిసి మాత్రలు వాడండి. నెలసరి రోజుల్లో పరుగు మానక్కర్లేదు, బాగోకపోతే మెల్లగా ఉరకండి, ఈవెంట్ ఆ రోజే పడొచ్చు కాబట్టి ఆ రోజుల్లో ఎలా ఉరకగలుగుతున్నారో ముందే తెలిసుండాలి. స్పోర్ట్స్ బ్రా మీద ఖర్చు అనవసరం అనుకోకండి, బూట్లంత అవసరం అది.

ఎండాకాలం పొద్దున ఏడు లోపే అయిపోవాలి. ఎక్కువ చెమట పోయిన రోజు లీటర్ నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, అంతకన్నా మంచి డ్రింక్ లేదు. ఎవరైనా ఉరుకుతూ ఉరుకుతూ పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ, నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా చల్లనీళ్లు పోస్తూ 108కి ఫోన్ చెయ్యండి. ముందు చల్లబరచడం, తర్వాతే తీస్కపోవడం.

రీడింగ్ రూమ్‌లో రాత్రి ఒంటిగంటదాకా చదివి పొద్దున నాలుగున్నరకి గ్రౌండ్‌కి వచ్చేవాళ్లకి దెబ్బలు ఎక్కువ తగులుతయ్, ఇది ప్రతి బ్యాచ్‌లో చూశాను. ఏడు గంటలన్నా పడుకోండి. చదువు కోసం పొద్దున లేవలేకపోతే సాయంత్రం ఐదున్నరకి ఉరకండి, పొద్దునే ఉరకాలని రూల్ ఏం లేదు.

చివరి రెండు వారాలు, ఈవెంట్ రోజు

పదిహేనోవారం దూరం సగం చెయ్యండి, స్పీడ్ కొంచెం ఉండనివ్వండి. చివరి ఐదు రోజులు మెల్లటి పరుగు ఇరవై నిమిషాలే. భయంతో ఆఖర్న ఎక్కువ కొట్టడం వల్ల వచ్చేది అలసట ఒక్కటే, ఆ వారంలో దమ్ము పెరగదు. కొత్త బూట్లు, కొత్త తిండి, ఏదీ వద్దు.

సర్టిఫికెట్లు, అడ్మిట్ కార్డు, జిరాక్సులు ముందురోజే కవర్లో పెట్టేయండి. సెంటర్ దూరం అయితే ముందురోజే పోయి చుట్టాలింట్లోనో ఫ్రెండ్ రూమ్‌లోనో పడుకోండి. పొద్దున ఖాళీ కడుపుతో పోకండి, రెండు గంటల ముందు ఇడ్లీనో అరటిపండు బ్రెడ్డో, లైన్ ఎంతసేపో చెప్పలేం కాబట్టి బ్యాగులో ఇంకో రెండు అరటిపండ్లు, నీళ్లు. డిసెంబర్ చలిలో ఒళ్లు చల్లబడకుండా పైన స్వెటర్ ఉంచుకొని, మీ బ్యాచ్ పిలిచే పావుగంట ముందు నుంచి మెల్లగా ఉరికి, కాళ్లు ఊపి, రెండుసార్లు 50 మీటర్లు స్పీడ్ కొట్టండి.

పరుగు టైం లెక్కేసే చిప్ (ఆర్ఎఫ్ఐడీ ట్యాగ్) సరిగ్గా కట్టారో చూసుకోండి, విజిల్ వేశాక మొదటి రౌండ్‌లో అందరూ గుర్రాల్లా పోతారు, పోనివ్వండి. మీది 1:42, రెండోది మూడోది 1:46, ఆఖరిది 1:40, మొత్తం 6:54. మూడో రౌండ్‌లో "ఇక నావల్ల కాదు" అనిపిస్తది, అందరికీ అక్కడే అనిపిస్తది, అప్పుడు చేతులు గట్టిగా ఊపండి, కాళ్లు వాటంతట అవే వస్తయ్. కానీ ఛాతీలో నొప్పి, కళ్లు చీకట్లు కమ్మడం వేరు, అది వస్తే ఆగిపోండి. నోటిఫికేషన్ మళ్లీ వస్తది.

గీత దాటాక కూర్చోకండి, ఐదు నిమిషాలు నడవండి, నీళ్లు తాగండి, లాంగ్ జంప్‌కి ఇంకా పనుంది.

సెలెక్ట్ అయ్యాక

ట్రైనింగ్ పిలుపు వచ్చేదాకా నెలలు పడతది, అప్పుడు అందరూ పరుగు మానేసి పెళ్లిళ్లకి తిరుగుతారు, మొదటివారం పీటీలోనే తెలుస్తది. వారానికి మూడు రోజులన్నా ఉరుకుతూ ఉండండి. తొమ్మిది నెలల ట్రైనింగ్‌లో పరేడ్, రోప్, అబ్‌స్టకిల్ అన్నీ ఉంటయ్, రెడీగా పోయినోడు అక్కడ నేర్చుకుంటడు, రెడీగా లేనోడు తట్టుకోవడంతోనే సరిపోతది.

డ్యూటీలో అసలు పరీక్ష వేరు. బందోబస్తులో పది పన్నెండు గంటలు నిలబడాలి, నైట్ డ్యూటీ, పండక్కి ఇంట్లో ఉండం. నిలబడినప్పుడు ఒకే భంగిమలో ఉండకుండా పావుగంటకోసారి మడమలు ఇరవైసార్లు పైకి కిందికి, పిక్కలు పనిచేస్తేనే కాళ్లలో రక్తం పైకి పోతది, ఉబ్బిన నరాల సమస్య మనవాళ్లకి ఎక్కువ. పెట్టిన బిర్యానీ ప్యాకెట్ రోజూ తినొద్దు, ఇంటినుంచి డబ్బా వీలైన రోజు తెచ్చుకోండి, బ్యాగులో ఎప్పుడూ పల్లీలు, అరటిపండు. నైట్ డ్యూటీకి ముందు మధ్యాహ్నం గంటన్నర పడుకోండి, అర్ధరాత్రి దాటాక టీ ఆపేయండి, పొద్దున ఇంటికొచ్చి చీకటి గదిలో పడుకోండి. నిద్రమత్తులో బైక్ నడపొద్దు, ఇది మాత్రం చేతులు పట్టుకొని చెప్తున్నా. ట్రాఫిక్‌లో ఉన్నోళ్లు మాస్క్ ఎన్95 వాడండి, బట్ట గుడ్డ పొగని ఆపదు.

ఏడాదికోసారి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, నడుం చుట్టుకొలత. పోలీసుల వైద్య ఖర్చుల ఆరోగ్య భద్రత స్కీమ్ మనకీ మన ఇంటోళ్లకీ ఉంది, వాడుకోండి. పెద్ద యాక్సిడెంట్ చూసినాక, పిల్లల మీద జరిగిన కేసు చూసినాక నిద్ర పట్టకపోవడం, ఇంట్లో చిరాకు పడడం, మందు వైపు పోవడం మన డిపార్ట్‌మెంట్‌లో ఉన్నదే, దాని గురించి మాట్లాడడం సిగ్గు కాదు. టెలీ మానస్ (మనసు బాగోలేనప్పుడు ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ సర్వీస్) నంబర్ 14416, ఇరవైనాలుగు గంటలు, తెలుగులో మాట్లాడొచ్చు, ఫ్రీ. ఆ నంబర్ ఫోన్‌లో సేవ్ చేసుకోండి, పక్క కానిస్టేబుల్‌కి కూడా చేయించండి.